చమురు ధర పడినా ప్రభుత్వ జీతాలు ఆగవెందుకు?

శుక్రవారం మధ్యాహ్నం. మహబూలాలో ఒక క్యాంపు మెస్సు. భోజనాలు అయ్యాయి. టీవీలో చమురు ధర తగ్గిందని వార్త వస్తోంది. స్కాఫోల్డింగ్ పని చేసే రాజంపేట అన్న ఒకాయన పళ్ళెం కడుక్కుంటూ మమ్మల్ని ఒక మాట అడిగారు.

"చమురు ధర తగ్గితే మా కంపెనీలో ముందు ఓవర్‌టైం ఆపేస్తారు. ఇంకా తగ్గితే సగం మందిని ఇంటికి పంపిస్తారు. కువైటీల గవర్నమెంటు జీతం మాత్రం ఆగదు. వాళ్ళకు దుడ్లు యాడ్నుంచి వస్తాయి సార్?"

ప్రశ్న చిన్నదే. జవాబు మాత్రం 70 ఏళ్ళ పైబడిన కథ. ఆ కథలో లండన్ ఉంది, యుద్ధం ఉంది, మన శంషాబాద్ విమానాశ్రయం కూడా ఉంది. చివరికి అది మన జీతం, మన గ్రాట్యుటీ దగ్గరికే వచ్చి ఆగుతుంది. అందుకే ఈ వారం ఆ కథ చెప్పుకుందాం.

ముత్యాలు పోయిన చోట

చమురు రాకముందు కువైట్ బతుకంతా సముద్రం మీదే. ఎండాకాలం వస్తే మగవాళ్ళు పడవలెక్కి ముత్యాల కోసం నెలల తరబడి సముద్రంలోనే ఉండేవారు. పడవ యజమాని దగ్గర ముందుగానే అడ్వాన్సు తీసుకునేవారు. ఆ ఏడు ముత్యాలు దొరక్కపోతే అప్పు మరుసటి ఏటికి పడేది. తండ్రి అప్పు కొడుకు నీళ్ళలో మునిగి తీర్చిన ఇళ్ళూ ఉన్నాయి. ఏజెంటుకు లక్షలు కట్టి వచ్చిన మనవాళ్ళకు ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత జపాన్ వాళ్ళు పెంపకం ముత్యాలను మార్కెట్లోకి దించారు. 1930ల నాటికి ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం కూడా వచ్చిపడింది. తరాల నాటి వ్యాపారం కొన్నేళ్ళలోనే కూలిపోయింది. 1938లో బుర్గాన్‌లో చమురు బయటపడింది. రెండో ప్రపంచ యుద్ధం వల్ల పని ఆలస్యమై, 1946లో తొలి చమురు ఓడ కదిలింది.

ఒక బతుకుతెరువు కళ్ళముందే పోయింది. అలా పోగొట్టుకున్నవాళ్ళకు రెండోది కూడా పోవచ్చన్న భయం ఉంటుంది. 1953లో, షేక్ అబ్దుల్లా అల్ సాలిం పాలనలో, మిగిలిన చమురు డబ్బును మదుపు చేయడానికి లండన్‌లో 'కువైట్ ఇన్వెస్ట్‌మెంట్ బోర్డు' పెట్టారు. కువైట్‌కు స్వాతంత్ర్యం వచ్చింది 1961లో. అంటే స్వాతంత్ర్యం కన్నా 8 ఏళ్ళ ముందే పొదుపు మొదలైంది. ఒక దేశం పెట్టుకున్న ఇలాంటి నిధుల్లో మొదటిదిగా చాలామంది దీన్నే చెబుతారు. వీటికి 'సావరిన్ వెల్త్ ఫండ్' అన్న పేరు 2005లో గానీ రాలేదు. మన మాటల్లో చెప్పాలంటే ప్రభుత్వ సంపద నిధి.

గాదె వేరు, విత్తనాలు వేరు

మన పల్లెల్లో పంట ఇంటికి రాగానే ఏం చేస్తారు? తిండి గింజలు గాదెలో పోస్తారు. వచ్చే ఏటి విత్తనాలు వేరుగా, వేపాకు కలిపి దాస్తారు. గాదె అడుగంటినా అమ్మ విత్తనాల మీద చెయ్యి వేయనివ్వదు. అవి తినేస్తే మరుసటి ఏడు దున్నడం దేనికి?

కువైట్ చేసిందీ ఇదే. చమురు డబ్బంతా వచ్చి చేరే ఖాతా పేరు జనరల్ రిజర్వ్. జీతాలు, ఆసుపత్రులు, రోడ్లు, కరెంటు సబ్సిడీ అన్నీ దాంట్లోంచే. అది గాదె. 1976లో చట్టం చేసి రెండోది పెట్టారు. దాని పేరు 'రాబోయే తరాల నిధి'. మొదట్లో గాదెలో ఉన్నదాంట్లో సగం తీసి ఇందులో వేశారు. తర్వాత ఏటా ప్రభుత్వ ఆదాయంలో 10 శాతం ఇందులో పడాలని రాసుకున్నారు. చమురు ధర బాగున్న 2012లో ఆ వాటాను 25 శాతానికి పెంచారు. ధర పడిపోయాక మళ్ళీ 10కి తెచ్చారు. మామూలు ఖర్చులకు ఇందులోంచి తీయకూడదన్నది నియమం. అది విత్తనాల బుట్ట.

ఈ రెండింటినీ చూసుకునే సంస్థ కువైట్ ఇన్వెస్ట్‌మెంట్ అథారిటీ. 1982లో పెట్టారు. మొత్తం ఎంత ఉందో బయటికి చెప్పకూడదని దాని చట్టంలోనే ఉంది. బయటి సంస్థల అంచనా మాత్రం సుమారు లక్ష కోట్ల డాలర్లు.

డబ్బు దేశం బయట ఎందుకు?

విత్తనాల బుట్టలోని డబ్బును దేశం బయటే పెడతారు. దానికి కారణాలు రెండు. ఇంత చిన్న దేశంలో అంత డబ్బు ఒక్కసారి దింపితే ధరలు మండిపోతాయి. రెండోది, ఇంటికి నిప్పంటుకుంటే ఇంట్లో దాచిన డబ్బు కూడా కాలిపోతుంది.

అందుకే వాళ్ళు పెద్ద దేశాల్లో పెద్ద కంపెనీల వాటాలు కొన్నారు. 1974లో బెంజి కార్లు తయారుచేసే జర్మనీ కంపెనీలో వాటా కొన్నారు. 1987 అక్టోబరులో ప్రపంచ షేర్ మార్కెట్లు కుప్పకూలినప్పుడు, బ్రిటన్ చమురు కంపెనీ బీపీలో 20 శాతానికి పైగా కొన్నారు. బ్రిటన్ ప్రభుత్వానికి భయం వేసింది. ఒక చమురు దేశం చేతిలో తమ చమురు కంపెనీ వాటా అంత ఉండకూడదంది. చివరికి కువైట్ దాన్ని 10 శాతం లోపుకు తగ్గించుకోవాల్సి వచ్చింది.

20 ఏళ్ళ తర్వాత సీను మారింది. 2007, 2008లో అమెరికాలో ఇళ్ళ అప్పులు మునిగి పెద్ద బ్యాంకులు ఊగిపోయాయి. అప్పుడు అదే బ్యాంకుల పెద్దలు గల్ఫ్‌కు, సింగపూర్‌కు విమానాలెక్కి వచ్చారు. 2007 నవంబరులో సిటీ గ్రూపులో అబుదాబి నిధి 750 కోట్ల డాలర్లు పెట్టింది. 2008 జనవరిలో అదే బ్యాంకులో కువైట్ నిధి 300 కోట్ల డాలర్లు పెట్టింది. కువైట్ 2009 డిసెంబరులో తన వాటాను 410 కోట్లకు అమ్మి, 110 కోట్ల లాభంతో బయటపడింది. అబుదాబికి అంత అదృష్టం లేదు. తన ఒప్పందం ప్రకారం చాలా ఎక్కువ ధరకు షేర్లు తీసుకోవాల్సి వచ్చి, మోసపోయామని కేసు వేసింది. గెలవలేదు. ఒకే బ్యాంకు, రెండు నిధులు, రెండు ఫలితాలు. ఇంత పెద్దవాళ్ళ లెక్కలు కూడా తప్పుతాయి.

ఈ నిధులు డబ్బు కోసం వస్తున్నాయా, పెత్తనం కోసం వస్తున్నాయా అన్న అనుమానం అప్పట్లో పశ్చిమ దేశాల్లో బలంగా ఉండేది. ఆ అనుమానం తీర్చడానికే 2008లో నిధులున్న దేశాలు కూర్చుని 24 సూత్రాలు రాసుకున్నాయి. చిలీ రాజధాని పేరు మీద వాటిని శాంటియాగో సూత్రాలు అంటారు.

ఇక మన దగ్గరికి వద్దాం. మనలో చాలామంది శంషాబాద్‌లో విమానం ఎక్కి ఇక్కడ దిగినవాళ్ళమే. ఆ విమానాశ్రయాన్ని నడిపే జీఎంఆర్ గ్రూపులో 2015లో కువైట్ నిధి 30 కోట్ల డాలర్లు బాండ్ల రూపంలో పెట్టింది. హైదరాబాద్ కేంద్రంగా గాలి, సౌర విద్యుత్తు తయారుచేసే గ్రీన్‌కో కంపెనీలో అబుదాబి, సింగపూర్ నిధుల డబ్బు ఉంది. మనం పనికోసం ఇటు వస్తుంటే, ఇక్కడి చమురు డబ్బు లాభం కోసం మన ఊరి వైపు వెళ్తోందన్నమాట.

1990: బుట్ట విప్పిన రోజు

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. ఏడు నెలలు దేశం దేశంగా లేదు. పాలకులు సౌదీలోని తాయిఫ్ నుంచి ప్రభుత్వం నడిపారు. దేశం పోయినా లండన్‌లోని డబ్బు పోలేదు. పరాయి దేశాల్లో తలదాచుకున్న కువైటీ కుటుంబాలకు ఖర్చులు ఆ డబ్బులోంచే అందాయి. విముక్తి యుద్ధం ఖర్చుకూ, తర్వాత తగలబడిన చమురు బావులు ఆర్పి దేశాన్ని మళ్ళీ కట్టుకోవడానికీ అదే ఆదుకుంది. అప్పుడు వాడిన మొత్తం 8,500 కోట్ల డాలర్లకు పైనే.

అదే ఆగస్టులో మనవాళ్ళ సంగతేమిటి? లక్షా 70 వేల మందికి పైగా భారతీయులు ఇక్కడ చిక్కుకున్నారు. చాలామంది ఎడారి దాటి, జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరి, అక్కడి నుంచి ఎయిరిండియా విమానాల్లో ఇల్లు చేరారు. ఆ గుంపుల్లో మన కడప, చిత్తూరు, గోదావరి జిల్లాల వాళ్ళూ ఉన్నారు. జీతం బాకీలు, సామాన్లు అన్నీ ఇక్కడే వదిలేసి కట్టుబట్టలతో వెళ్ళినవాళ్ళు ఎందరో. తర్వాత ఐక్యరాజ్యసమితి ఒక పరిహార కమిషన్ పెట్టి, ఇరాక్ చమురు ఆదాయంలోంచి నష్టపరిహారం ఇప్పించింది. దరఖాస్తు పెట్టుకున్న మనవాళ్ళకూ అందింది. కానీ అది చేతికి రావడానికి ఏళ్ళు పట్టింది. ఆ మధ్యకాలం గడిచింది ఊళ్ళో అప్పుల మీదే.

కష్టం ఇద్దరికీ ఒకే రోజు వచ్చింది. ఒకరికి వేరే ఊళ్ళో విత్తనాల బుట్ట ఉంది. ఇంకొకరికి లేదు.

రెండు దీవులు

నిధి పెట్టుకోగానే అయిపోదు. పసిఫిక్ సముద్రంలోని రెండు చిన్న దీవుల దేశాల కథ చూడండి.

నౌరూ దీవిలో ఎరువులకు పనికొచ్చే ఫాస్ఫేట్ రాయి దొరికేది. 1968లో స్వాతంత్ర్యం వచ్చాక అదంతా వాళ్ళదే అయింది. 1970ల్లో తలసరి లెక్కన ప్రపంచంలో బాగా డబ్బున్న దేశాల్లో అదొకటి. వాళ్ళూ నిధి పెట్టుకున్నారు. మెల్బోర్న్‌లో 52 అంతస్తుల భవనం కట్టారు. 1993లో లండన్‌లో ఒక సంగీత నాటకానికి పెట్టుబడి పెట్టి పోగొట్టుకున్నారు. విమానాలు, హోటళ్ళు, అప్పులు. రాయి అయిపోయింది. 2004లో మెల్బోర్న్ భవనం కూడా అప్పులకింద అమ్ముడుపోయింది.

దాని పక్క దేశం కిరిబాటి. అక్కడి బనాబా దీవిలోనూ ఫాస్ఫేటే. 1956లో చిన్న నిధి పెట్టుకున్నారు. 1979లో రాయి అయిపోయింది. నిధి మాత్రం ఇప్పటికీ ఉంది. ఆ దేశం బడ్జెట్‌కు చేయూత ఇస్తోంది.

రెండు చోట్లా రాయి ఒకటే. ఒకచోట బుట్ట తెరిచి తిన్నారు, ఇంకోచోట మూత బిగించి ఉంచారు.

2020లో గాదె అడుగంటింది

కువైట్‌కు కూడా ఇబ్బంది రాకపోలేదు. 2014 మధ్యలో బ్యారెల్ 110 డాలర్ల పైన ఉన్న ధర 2016 జనవరికి 30 డాలర్ల కిందికి పడింది. కోలుకుంటుండగానే 2020లో కరోనా వచ్చింది. అన్నేళ్ళ లోటు పూడ్చి పూడ్చి గాదె అడుగంటింది. అక్టోబరు తర్వాత జీతాలకు చేతిలో నగదు చాలదని 2020 ఆగస్టులో ఆర్థికమంత్రే పార్లమెంటులో చెప్పారు.

అయినా జీతాలు ఆగలేదు. గాదెకు చెందిన ఆస్తులను విత్తనాల బుట్టకే అమ్మి, దాని దగ్గర నగదు తీసుకున్నారు. అదే నెలలో ఇంకో మార్పు కూడా చేశారు. ఏటా తప్పనిసరిగా 10 శాతం దాచాలన్న నియమాన్ని, మిగులు ఉన్న ఏడాదే దాచాలని మార్చారు. 2025లో 3,000 కోట్ల దీనార్ల వరకు అప్పు తెచ్చుకోవడానికి కొత్త చట్టం చేశారు.

రాజంపేట అన్న ప్రశ్నకు జవాబు ఇదే. చమురు ధర పడినప్పుడు ప్రభుత్వ జీతాలు ముందు గాదెలోంచి వస్తాయి. గాదె చాలకపోతే ఆస్తులు అమ్మి, అప్పు తెచ్చి అయినా ఇస్తారు. వెనక అంత పెద్ద బుట్ట ఉందని తెలుసు కాబట్టే అప్పు కూడా సులువుగా పుడుతుంది.

తోకన ఉన్నది మనం

మరి మన జీతం? అది వచ్చే దారి చాలా పొడుగు. ప్రభుత్వం పెద్ద కంపెనీకి బిల్లు ఇవ్వాలి. ఆ కంపెనీ సబ్ కాంట్రాక్టరుకు ఇవ్వాలి. అతను మనకు ఇవ్వాలి. పైన ఒక నెల ఆలస్యమైతే కింద మూడు నెలలవుతుంది.

2016 సౌదీ సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ప్రభుత్వ బిల్లులు ఆగి కొన్ని పెద్ద నిర్మాణ కంపెనీలు చేతులెత్తేశాయి. జెడ్డా చుట్టుపక్కల క్యాంపుల్లో వేలమంది భారతీయ కార్మికులు నెలల తరబడి జీతం లేక, మెస్సులు మూతపడి తిండికి ఇబ్బంది పడ్డారు. మన రాయబార సిబ్బంది సరుకులు పంచారు. కేంద్ర మంత్రి వి.కె. సింగ్ వెళ్ళి చూసి వచ్చారు. అప్పుడు సౌదీ దగ్గర డబ్బు లేదా అంటే ఉంది. విదేశీ నిల్వలే 50,000 కోట్ల డాలర్లకు పైన ఉన్నాయి. కాంట్రాక్టర్ల బకాయిలు తీర్చడం మాత్రం ఆ ఏడాది చివర్లో మొదలైంది.

నిధి ఆ దేశ పౌరులది. అందులో మనకు వాటా లేదు, అడిగే హక్కూ లేదు. కువైట్ జనాభాలో మూడింట రెండు వంతులకు పైగా మనలాంటి విదేశీయులే అయినా లెక్క అదే. ఇందులో ఎవరినీ తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఉన్న సంగతి తెలిసి ఉండాలని చెబుతున్నాం.

అయితే ఒక్కోసారి ఈ నిధులు మనవైపు కూడా చూస్తాయి. నార్వే నిధి ప్రపంచంలోకెల్లా పెద్దది. 1996లో అందులో తొలిసారి డబ్బు వేశారు. 2024 చివరికి అది సుమారు 20 లక్షల కోట్ల క్రోనర్లకు చేరింది. ప్రపంచంలోని షేర్లన్నింటిలో సుమారు ఒకటిన్నర శాతం దానిదే. ఎవరిలో డబ్బు పెట్టకూడదో చెప్పడానికి దానికి ఒక నైతిక మండలి ఉంది. 2019 నవంబరులో ఆ నిధి బ్రిటన్ సెక్యూరిటీ కంపెనీ జీఫోర్‌ఎస్‌ను తన జాబితా నుంచి తీసేసింది. కారణం ఏమిటో తెలుసా? ఖతార్‌లో, యూఏఈలో ఆ కంపెనీకి పనిచేసే వలస కార్మికుల పరిస్థితి. ఉద్యోగం కోసం అప్పుచేసి ఏజెంట్లకు డబ్బు కట్టారని, చెప్పిన జీతం కన్నా తక్కువ ఇచ్చారని, పాస్‌పోర్టులు లాక్కున్నారని ఆ మండలి రాసింది. ఎక్కడో మంచు దేశంలో కూర్చున్నవాళ్ళు మన ఏజెంటు రసీదును లెక్కలోకి తీసుకున్నారు. మన దగ్గర కాగితాలు ఉండడం ఎంత ముఖ్యమో ఇందులోనే తెలుస్తుంది.

మన బుట్ట ఏది?

మనకంటూ చట్టం ఇచ్చిన ఒక నిధి ఉంది. అదే సర్వీసు డబ్బు, గ్రాట్యుటీ. కువైట్‌లో ప్రైవేటు కంపెనీలకు వర్తించే 2010 కార్మిక చట్టం ప్రకారం, నెల జీతగాడికి మొదటి 5 ఏళ్ళకు ఏడాదికి 15 రోజుల జీతం, ఆ తర్వాత ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం రావాలి. మొత్తం ఏడాదిన్నర జీతం దాటదు. రోజు జీతం తేల్చడానికి నెల జీతాన్ని 26తో భాగిస్తారు.

నెలకు 100 దీనార్ల మనిషి 10 ఏళ్ళు చేశాడనుకోండి. మొదటి 5 ఏళ్ళకు సుమారు 288 దీనార్లు, తర్వాతి 5 ఏళ్ళకు 500. మొత్తం 788 దీనార్లు. కంపెనీ తీసేస్తే ఇది పూర్తిగా రావాలి. మనమే రాజీనామా చేస్తే లెక్క మారుతుంది. 3 ఏళ్ళ లోపు అయితే ఏమీ రాదు. 3 నుంచి 5 ఏళ్ళ లోపు సగం, 5 నుంచి 10 ఏళ్ళ లోపు మూడింట రెండు వంతులు, 10 ఏళ్ళు నిండితే పూర్తిగా. ఇళ్ళలో పనిచేసే అక్కచెల్లెళ్ళకు, డ్రైవర్లకు 2015 నాటి వేరే చట్టం ఉంది. దాని ప్రకారం ఏడాదికి ఒక నెల జీతం.

ఇందులో ఒక ఇబ్బంది ఉంది. ఈ డబ్బు మన పేరు మీద ఏ బుట్టలోనూ ఉండదు. చివరి రోజున కంపెనీయే ఇవ్వాలి. కంపెనీ మునిగితే అదీ చిక్కులో పడుతుంది. బహ్రెయిన్‌లో 2024 మార్చి నుంచి కంపెనీలు ఈ డబ్బును నెలనెలా ప్రభుత్వ బీమా సంస్థలో కట్టేలా చేశారు. యూఏఈలో 2023లో, కంపెనీ ఒప్పుకుంటే, గ్రాట్యుటీ బదులు కార్మికుడి పేరు మీద నిధిలో వేసే పథకం తెచ్చారు. ఇలాంటి ఏర్పాటు అన్ని చోట్లా రావాలన్నది మా కోరిక. అది వచ్చేదాకా వర్క్ పర్మిట్ కాపీ, జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్, పనిలో చేరిన తేదీ ఉన్న కాగితం ఫోటో తీసి ఇంటికి పంపి ఉంచండి. ఇంటికి వెళ్ళే ముందు 'అన్నీ ముట్టాయి' అన్న అరబ్బీ కాగితం మీద చదివించుకోకుండా సంతకం పెట్టకండి. లెక్క తేడా వస్తే షూన్ ఆఫీసులో, మన రాయబార కార్యాలయంలో అడగవచ్చు.

రెండో బుట్ట మనం కట్టుకునేది. నెలకు 10 శాతం దాచమని మేము చెప్పగానే మీరు నవ్వుతారని తెలుసు. ఊళ్ళో నూటికి మూడు రూపాయల వడ్డీ పరుగెడుతుంటే దాచేదేముంది? నిజమే. నూటికి మూడు అంటే ఏడాదికి 36 శాతం. నార్వే నిధికి ఇన్నేళ్ళలో వచ్చిన లాభం సగటున ఏడాదికి 6 శాతం పైచిలుకు. అంత తెలివైనవాళ్ళు ప్రపంచమంతా వెతికి తెచ్చింది అంతే. కాబట్టి అప్పు ఉన్నవాళ్ళకు అప్పు తీర్చడం కన్నా మంచి మదుపు ఎక్కడా లేదు. ఇంటికి పంపేటప్పుడు ఖర్చు డబ్బు వేరు, అసలు తీర్చే డబ్బు వేరు అని ఇంట్లో చెప్పి పంపండి. లేదంటే వడ్డీ కడుతూనే అకామాలు రెన్యూవల్ చేసుకుంటూ ఉండాలి.

అప్పు తీరినవాళ్ళు మాత్రం జీతం పడిన రోజే ఎంతో కొంత పక్కకు తీయండి. పది దీనార్లు కాకపోతే మూడు. సొంత పేరు మీద బ్యాంకులోనో, పోస్టాఫీసులోనో వేయండి. చేబదులు ఇవ్వకండి, ఊరూపేరూ లేని చిట్టీలో వేయకండి. మిగిలినప్పుడు చూద్దాం అనుకుంటే ఏమవుతుందో మనకు తెలుసు. మన ఒంట్లో సత్తువ కూడా చమురు బావి లాంటిదే. 50 ఏళ్ళు దాటాక స్కాఫోల్డింగ్ ఎక్కమంటే మోకాళ్ళు ఒప్పుకోవు.

ఇదంతా ఆ రాజంపేట అన్నకు చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లోపలికి వెళ్ళి, పెట్టెలోంచి ప్లాస్టిక్ కవరు తెచ్చారు. అందులో 2013 నాటి కాంట్రాక్టు కాగితం ఉంది. "దీన్ని బట్టి నాకెంత రావాల సార్?" అన్నారు. మేము ఆయన బంకు మీదే కూర్చుని, క్యాలిక్యులేటర్ తీసి లెక్క వేయడం మొదలుపెట్టాం. చుట్టూ ఇంకో ఆరుగురు చేరారు.